నూనె అంటే ఏ నూనె?

దబీర్‌పురా,
అక్టోబరు 21.

చెల్లెలు భాగ్యశ్రీకి అన్న సామ్యూల్ రాసేది,

నువ్వు ఎర్రచెలమ చేరావని తెలిసింది. నా సైకిల్ చేరిందో లేదో మాత్రం తెలియలేదు. మొన్న ఫోన్‌లో రెండు నిమిషాలు దొరికితే ఒక నిమిషం నువ్వు "హలో, హలో" అన్నావు, ఇంకో నిమిషం అమ్మ నీ కోసం ప్రార్థన చేసింది. నేను ఫోన్ లాక్కునేసరికి లైన్ పోయింది. సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలన్నావట. ఎక్కొద్దు, ఉత్తరాలు రాసుకుందాం. ఆ ఊరికి టపా మోసేది నువ్వే కాబట్టి నా ఉత్తరం నీ సంచిలోనే వస్తుంది. అందలేదని అబద్ధం చెప్పే దారి కూడా నీకు ఉండదు.

పదో తరగతిలో మార్కులు ఎక్కువ వస్తే ఆదిలాబాద్ అడవిలో డాక్ సేవక్ ఉద్యోగం ఇస్తారని ముందే తెలిస్తే నీకు లెక్కలు చెప్పేవాడినే కాదు. సరే, వచ్చింది, వెళ్ళావు. ఘాటు రోడ్డు, గేర్లున్న సైకిల్ కావాలన్నావు, నా ఎంటీబీ ఇచ్చాను. నా మోకాలు విరిగినప్పటి నుంచి అది మన గోడకి వేలాడుతూనే ఉంది. రైలు వెళ్ళినప్పుడల్లా గోడ అదిరి ముందు చక్రం కొంచెం తిరిగేది. అది చూసి అమ్మ మొహం తిప్పుకునేది. గోడ మీద తుప్పు పట్టడం కంటే నీ కింద అరగడం మేలనుకున్నాను. ఇచ్చానంటే ఇచ్చేశానని కాదు, గుర్తుంచుకో.

గాలి, బ్రేకులు నీకు తెలుసు. తెలియనిది గేర్ కేబుల్. హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కితే వెనక చక్రం దగ్గర గొలుసు ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదాని మీదికి దూకుతుంది కదా, ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక సన్న స్టీలు తీగ. అది నల్ల గొట్టంలోంచి పోతుంది. ఆ గొట్టాన్ని మేం ఔటర్ అంటాం. లోపలికి మట్టి పోయినా నీళ్ళు పోయినా తీగ పట్టేస్తుంది. తీగ పట్టేస్తే గొలుసు పెద్ద చక్రం మీదికి ఎక్కదు. పెద్ద చక్రం మీదికి ఎక్కకపోతే నువ్వు ఘాటు ఎక్కవు. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు.

రాత్రి సైకిల్ పెట్టేటప్పుడు గొలుసుని చిన్న చక్రం మీదికి దించి పెట్టు. తీగ వదులుగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. మా డిపోలో బస్సుల కేబుళ్ళు నేను ఇలాగే కాపాడతాను. ఈ ఒక్క ముక్క మర్చిపోకు.

అమ్మ నీకిచ్చిన ప్రార్థన నూనె రోజూ నుదుటికి రాసుకుంటున్నావా అని అడగమంటోంది. అడిగాను.

సామ్యూల్


ఎర్రచెలమ,
నవంబరు 9.

అన్నా,

నీ ఉత్తరం రెండు పేజీలు. అందులో నేను ఎలా ఉన్నానని అడిగిన మాట ఎక్కడైనా ఉందేమోనని రెండు వైపులా తిప్పి చూశాను. లేదు. నేను బాగానే ఉన్నాను, నీ సైకిల్ కూడా బాగానే ఉంది. దానికి వరండాలో చోటిచ్చింది నేనుంటున్న ఇంటి యజమానురాలు చంద్రమ్మ. నాకు లోపల గదిలో చోటిచ్చింది, అది నీకు అక్కరలేదనుకో.

నా పని చెప్తాను. పొద్దున్నే మా బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్ ప్రహ్లాద్ గారు టపా సంచికి సీలు వేసి ఇస్తారు. దాన్ని ఘాటు మీద క్రాస్‌రోడ్డు దాకా తొక్కి, అక్కడికి వచ్చే మెయిల్ బస్సుకి అందించాలి. వచ్చిన సంచి తీసుకుని దిగాలి. మధ్యాహ్నం నుంచి గూడేలన్నీ తిరిగి పంచాలి. బస్సు నా కోసం ఆగదు. నా ముందున్నాయన మోటారు సైకిల్ మీద వెళ్ళేవాడట. నన్ను చూసిన మొదటి రోజే ప్రహ్లాద్ గారు అన్నారు: "సైకిల్ మీద ఘాటు ఎక్కుతవా బిడ్డా? సరే, చూస్తం." ఆ 'చూస్తం' అనే మాట ఆయన రోజూ అంటారు. అనకపోయినా కళ్ళతో అంటారు.

మొదటి పదిరోజులు ఎగురుకుంటూ ఎక్కాను. ఇప్పుడే ఒక చికాకు మొదలైంది. పొద్దున బయలుదేరి ఎక్కుడు మొదలవగానే గేర్ నొక్కుతాను. బొటనవేలు నొప్పి పుడుతుంది కానీ గొలుసు చిన్న చక్రం దగ్గరే కూర్చుంటుంది. దిగి నూకుకుంటూ వెళ్ళాలి. అదే సైకిల్, అదే నేను, మధ్యాహ్నం గూడేలకి వెళ్ళేటప్పుడు వేలు తాకిస్తే చాలు, గేర్ మారిపోతుంది. పొద్దున్నే దానికి ఏమవుతుందో అర్థం కావడం లేదు. మొన్న బస్సు వెళ్ళిపోయింది, సంచి వెనక్కి తెచ్చాను. ప్రహ్లాద్ గారు రిజిస్టర్‌లో రాశారు.

కొత్తగా చేరినవాళ్ళని తీసేయడం పెద్ద పని కాదట, అన్నా. నాకు ఈ పని ఇష్టం. ఎందుకో తర్వాత రాస్తాను. ముందు ఈ గేర్ సంగతి చెప్పు.

అమ్మ ఇచ్చిన సీసా భద్రంగా ఉందని చెప్పు.

భాగ్య


దబీర్‌పురా,
నవంబరు 17.

చెల్లె,

పొద్దున పనిచేయని గేర్, మధ్యాహ్నం పనిచేసే గేర్ అని ఎక్కడా ఉండదు. నేను ఇన్నేళ్ళలో వందల బస్సుల కేబుళ్ళు మార్చాను. కేబుల్‌కి పొద్దు తెలియదు, సాయంత్రం తెలియదు. పొద్దున బద్ధకంగా ఉండేది నీ వేలు. చిన్నప్పుడు కూడా నిన్ను బడికి లేపాలంటే అమ్మకి తల ప్రాణం తోకకి వచ్చేది.

అయినా చెప్తున్నాను. హ్యాండిల్ దగ్గర గొట్టం మొదలయ్యే చోట చేత్తో తిప్పే నట్టు ఒకటి ఉంది. దాన్ని బయటికి అరచుట్టు తిప్పు. తీగ బిగుస్తుంది. బిగిస్తే గొలుసు ఎక్కుతుంది. అంతే. దీనికి పెద్ద లొల్లి అక్కరలేదు.

బస్సు తప్పిందని విని అమ్మ ఏమీ అనలేదు. సాధారణంగా ఎంత మాట్లాడుతుందో నీకు తెలుసు. ఈసారి ఒక్క మాటే అంది, "కుదరకపోతే వచ్చెయ్యమను, ఇల్లు ఎక్కడికి పోయింది?" అని. నేను విసుక్కున్నాను. కుదరకపోవడానికి అది నా సైకిల్.

సామ్యూల్


ఎర్రచెలమ,
నవంబరు 28.

అన్నగారికి,

మీరు చెప్పినట్టే అరచుట్టు తిప్పాను. పొద్దున గేర్ ఎక్కలేదు. ఇంకో అరచుట్టు తిప్పాను. పొద్దున ఎక్కలేదు సరికదా, ఇప్పుడు మధ్యాహ్నం కూడా గొలుసు గలగలమంటూ రెండు చక్రాల మధ్య ఊగుతోంది. మొత్తం మళ్ళీ వెనక్కి తిప్పి మొదటికి తెచ్చాను. వందల బస్సులు మార్చిన చేయి గొప్పదే అయ్యుంటుంది. అది ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్నది నా చేయి, దానికి పొక్కులు వచ్చాయి.

ఇంకా విను. రెండోసారి బస్సు తప్పింది. ఆ మాట విని మా పని తనిఖీ చేసే ఓవర్సీర్ సారు వచ్చారు. ఎప్పుడొచ్చారు? మిట్టమధ్యాహ్నం. నేను "గేర్ పడడం లేదు సార్" అన్నాను. ఆయన చంకలో బ్యాగు చంద్రమ్మ చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచి, సైకిలెక్కి మా వీధి చివరిదాకా తొక్కి వచ్చారు. గేర్లన్నీ టకటకా పడ్డాయి, నీ గౌరవం కాపాడడానికే అన్నట్టు.

"ఏంది అమ్మా ఇది? మక్కన్ లెక్క పడుతుంటే పడుతలేదంటవ్?"

"పొద్దున పడదు సార్."

"పొద్దున పడదు, మధ్యాహ్నం పడతది. సైకిల్‌కు సర్కారీ టైమింగ్స్ ఉన్నయా?"

ప్రహ్లాద్ గారు నవ్వాపుకోవడానికి దగ్గారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. వెళ్తూ వెళ్తూ ఓవర్సీర్ సారు చెప్పింది మాత్రం నవ్వే మాట కాదు. జనవరిలో ఇన్‌స్పెక్టర్ మేడం పొద్దున పూటే వచ్చి చూస్తారట. సంచి బస్సుకి అందితే ఉంటాను, అందకపోతే ఇంకొకర్ని పెడతారు.

నాకు ఈ పని ఎందుకు ఇష్టమో రాస్తానన్నాను కదా. పక్క గూడెంలో పూజిత అనే అమ్మాయి ఉంది, నర్సింగ్‌కి దరఖాస్తు పెట్టింది. ఆమెకి కబురు వచ్చిన రోజు నేను చెట్ల మధ్య దిగుతుంటేనే చూసి పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది. కవరు చింపకుండా నా చేతిలోనే పెట్టి "నువ్వే చదువక్కా" అంది. చదివాను. సీటు వచ్చింది. అన్నా, పాతబస్తీలో గాజుల దుకాణంలో కూర్చున్న రెండేళ్ళలో నన్ను చూసి ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

అందుకే అడుగుతున్నాను, వెక్కిరించకుండా సరిగ్గా ఆలోచించి రాయి.

భాగ్యశ్రీ


దబీర్‌పురా,
డిసెంబరు 5.

ప్రియమైన చెల్లెలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 'మీరు' అని రాశావంటే బాగా కోపం వచ్చిందని అర్థమైంది. ఈసారి వెక్కిరింత లేదు. పద్ధతిగా, మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. నువ్వూ పద్ధతిగా చెయ్యి.

ముందు సైకిల్‌ని ఆపి, వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ గొలుసుని అన్నిటికంటే పెద్ద చక్రం మీదికి ఎక్కించు. ఇప్పుడు పెడల్ తిప్పకుండా, గేర్ మాత్రం చిన్నదానికి నొక్కు. గొలుసు కదలదు, తీగ మాత్రం వదులవుతుంది. అప్పుడు నల్ల గొట్టం చివరలు ఫ్రేము మీద ఉన్న చీలికల్లోంచి చేత్తోనే బయటికి వస్తాయి. గొట్టాన్ని తీగ మీద అటూ ఇటూ జరిపి, బయటపడిన తీగని పాత బట్టతో బాగా తుడువు. వెనక చక్రం దగ్గర గొట్టం అర్ధచంద్రంలా వంగి ఉంటుంది, చెత్తంతా చేరేది అక్కడే. అక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టు. తుడిచిన తర్వాత తీగకు రెండు చుక్కల నూనె వేసి, వేలితో రాసి, గొట్టాన్ని తిరిగి చీలికల్లో కూర్చోబెట్టు.

ఇంత విడమరిచి మా డిపోలో ఎవరికీ చెప్పలేదు. ఇది చేసిన తర్వాత కూడా గేర్ పడకపోతే నేను మెకానిక్ పని మానేసి లాల్‌దర్వాజాలో చెప్పులు కుట్టుకుంటాను.

అమ్మ శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్ళడం తగ్గించింది. అడిగితే కాళ్ళ నొప్పులంటోంది. నువ్వు బెంగపెట్టుకోకు.

సామ్యూల్


ఎర్రచెలమ,
డిసెంబరు 15.

సామ్యూల్‌కి,

చెప్పులు కుట్టే సామాను కొనుక్కో.

నువ్వు రాసిన ప్రతి ముక్కా చేశాను. ఆదివారం పొద్దున్నే ఉత్తరాన్ని రాయి కింద పెట్టి, చదువుతూ చేశాను. వంపులోంచి నీ డిపో గ్రీజు తెల్లగా, మైనంలా వచ్చింది, అంతా తుడిచేసరికి ఎండెక్కింది. రెండు చుక్కలన్నావు, నా ఉద్యోగం కదా అని గొట్టం నిండా నూనె పోశాను. మధ్యాహ్నం తొక్కి చూస్తే అబ్బ, ఏం హాయి. నీకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున తీగ చచ్చిన పాములా పడుకుంది. ఇంతకుముందు రెండు గేర్లయినా కదిలేవి, ఇప్పుడు అసలు ఒక్కటీ లేదు. మంచులో సంచి భుజాన వేసుకుని నూకుకుంటూ క్రాస్‌రోడ్డుకి వెళ్ళేసరికి బస్సు వెనక లైటు కనిపించింది. అరిచాను. ఆగలేదు. రాయి మీద కూర్చుని ఏడ్చాను, చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి చక్కగా ఏడ్చాను.

ఈసారి నోటిమాట కాదు, మెమో వచ్చింది. జవాబు రాసుకోవాలి. "పొద్దున పూట మా అన్న సైకిల్‌కి పని చేయాలనిపించదు" అని రాయనా?

నీ సైకిల్ వచ్చి తీసుకుపో. గోడకే వేలాడదీసుకో.

భాగ్యశ్రీ


ఎర్రచెలమ,
డిసెంబరు 17.

అన్నా,

పాత ఉత్తరం చింపెయ్యి. అది చేరకముందే ఇది చేరితే బాగుండును, కానీ రెండూ బస్సెక్కించేది నేనే, ముందుది ముందే చేరుతుంది.

దొంగ దొరికాడు.

ఈ పొద్దున తల దువ్వుకుందామని వరండాలోకి వస్తే చంద్రమ్మ నా నూనె సీసా గోడ మీద ఎండలో పెడుతోంది. "ఎందుకు?" అన్నాను.

"గడ్డకట్టింది బిడ్డా. చలికాలం మా దగ్గర కొబ్బరి నూనె గింతే. ఎండ తాకితె గాని కరగదు, దినాం నేనే పెడ్తున్న. గిది గూడ తెల్వదా పట్నమోళ్ళకు?"

సీసా చేతిలోకి తీసుకున్నాను. లోపల తెల్లగా, మైనంలా. సీసా అక్కడే పెట్టి సైకిల్ దగ్గరికి పరిగెత్తి గొట్టం ఊడదీశాను. అదే తెలుపు. వాసన చూశాను. మన ఇంట్లో ఆదివారం తలంటుకునే ముందు వచ్చే వాసన.

అర్థమైందా? పొద్దున చలికి గొట్టంలో నూనె గడ్డకడుతుంది. మధ్యాహ్నం ఎండకి కరుగుతుంది. నీ కేబుల్‌కి పొద్దు తెలుసు, సాయంత్రం తెలుసు, నీకే తెలియదు. పైగా రాత్రి చిన్న చక్రం మీద పెట్టమన్నావు, అది అక్కడే బిగుసుకుని కూర్చుంటోంది.

ఇక నీ సంగతి. "తీగకు రెండు చుక్కల నూనె" అని రాసింది ఎవరు? మన ఇంట్లో మంచినూనె అంటే కూరలోకి. నూనె అంటే తలకి. బండికి వేసేదాన్ని పుట్టినప్పటి నుంచి నువ్వు 'ఆయిల్' అన్నావు, ఒక్కసారైనా నూనె అన్నావా? నా గదిలో ఉన్న నూనె ఒక్కటే, అమ్మ ఇచ్చిన సీసా. పవిత్రమైనది కదా, ఇంకా మంచిదే అని గొట్టం నిండా వంచేశాను. (ఈ ముక్క అమ్మకి చదివి వినిపించకు. దాన్ని నేను మొదటి నుంచీ తలకే రాసుకుంటున్నాను. ఇక్కడ దుకాణంలో తలనూనె దొరకదు.)

ఒక్కటి మాత్రం తేలలేదు. నేను నూనె పోసింది పోయిన ఆదివారం. గేర్ పట్టేసింది నవంబరులో. మొదటిసారి తుడిచినప్పుడే ఆ తెల్లది లోపల ఉంది, నేనే నీ గ్రీజు అనుకున్నాను. నిజం చెప్పు, నువ్వు పోశావా?

భాగ్య


దబీర్‌పురా,
డిసెంబరు 23.

భాగ్యకి,

నేను! గేర్ కేబుల్‌లో! కొబ్బరి నూనె! ఈ ఉత్తరం మా డిపోలో ఎవరి కంటబడినా నేను మొహం చూపించుకోలేను.

'నూనె' సంగతికి వస్తున్నాను. నీకు కోపం వచ్చింది కదా, ఉత్తరం కదా అని కాస్త గౌరవంగా, తెలుగులో రాశాను. తీగ అన్నాను, నూనె అన్నాను, అర్ధచంద్రం కూడా అన్నాను. మామూలుగా "ఇన్నర్‌కి ఆయిల్ కొట్టు" అని ఉంటే ఈ గోల ఉండేది కాదు. ఇక మీదట నీకు మంచి తెలుగులో ఉత్తరం రాస్తే ఒట్టు.

నవంబరు సంగతి. నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. చదవొద్దన్న ముక్క కూడా చదివేశాను, అది చదవొద్దన్నదని తెలిసేసరికి చదవడం అయిపోయింది. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలకి రాసుకున్నావన్నా ఉలకలేదు. "మొదటిసారి తుడిచినప్పుడే లోపల ఉంది" అన్న దగ్గర చెయ్యి ఆగింది.

"అమ్మా, సైకిల్‌కు ఏమన్న పోసినవా?"

"నేనేం పోస్తరా? సైకిల్ గురించి నాకేం ఎరుక?"

"అమ్మా."

"పొయ్యలె. రాసిన."

"యాడ రాసినవ్?"

"హ్యాండిల్‌కు రాసిన. సీటుకు రాసిన. చక్రాలకు రాసిన. గా నల్ల నరాలున్నయ్ గద..."

"నరాలకు?"

"వాటి మూతి కాడ జరంత వంచిన. మనిషికైతె నెత్తి మీద పోస్తరు. సైకిల్‌కు నెత్తి యాడుంటది? లోపటికి పోతె మంచిదే గద అనుకున్న."

"ఎంత వంచినవ్?"

"నిండేదాంక."

చర్చిలో అయ్యగారి ముందు పెట్టి ప్రార్థన చేయించిన నూనె, భాగ్యా. నువ్వు వెళ్ళే ముందు రోజు నేను డ్యూటీకి పోగానే గోడ మీది సైకిల్ పక్కన స్టూలు ఎక్కి పోసిందట. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. గట్టిగా అరిచాను. అమ్మ ఇంకా గట్టిగా అరిచింది: "గా సైకిల్ మీదనే నీ కాలు ఇరిగింది. ఉన్న ఒక్క ఆడపిల్లను గూడ దాని మీదనే తోలితివి. నేను ఉత్తగ సూసుకుంట కూసోవాల్నా?"

నేను గొంతు తగ్గించాను. ఏమని ప్రార్థన చేశావని అడిగితే చాట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా నాతో మాటల్లేవు. ఎల్లుండి పండగ పూట కూడా ఇలాగే ఉంటుందేమో.

ఈ కవరుతో పాటు పార్శిల్‌లో కొత్త ఇన్నర్, కొత్త ఔటర్ పంపుతున్నాను. పాతవి తీసి పారెయ్యి, ఎంత తుడిచినా ఆ నూనె పోదు. కొత్తదాంట్లో ఏమీ వేయకు. నూనె వేయకు, ఆయిల్ వేయకు, నెయ్యి వేయకు. ఔటర్ లోపల నున్నటి ప్లాస్టిక్ పూత ఉంది, కొన్నాళ్ళు దానికదే జారుతుంది. పాత ఔటర్ పక్కన కొత్తది పెట్టి అంతే పొడవుకి కోయి. పొట్టిగా కోశావో హ్యాండిల్ తిరగదు. కోసిన మూతి నొక్కుకుపోతే మేకుతో విప్పు. మేడం వచ్చేలోపు చెయ్యి.

మెమోకి నిజమే రాయి. నమ్మకపోతే మధ్యాహ్నం కాదు, పొద్దున వచ్చి తొక్కమను.

సామ్యూల్


ఎర్రచెలమ,
జనవరి 11.

అన్నా, అమ్మా, ఇద్దరికీ,

మేడం నిన్న వచ్చారు. చెప్పకుండా వచ్చారు. నేను క్రాస్‌రోడ్డుకి చేరేసరికి మఫ్లర్ చుట్టుకుని మైలురాయి పక్కన నిలబడి ఉన్నారు. చలికి నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ముక్కు సంగతి చెప్పను. కానీ సైకిల్ దిగలేదు అన్నా, కింది నుంచి పైదాకా ఎక్కడా దిగలేదు. వేలు తాకిస్తే చాలు, టక్కున పెద్ద చక్రం మీదికి ఎక్కింది. నేను వచ్చి ఊపిరి తీసుకున్నాక వచ్చింది బస్సు.

మేడం మెమో జవాబు చదివి వచ్చారట. "కొబ్బరి నూనె నిజమేనా?" అన్నారు. అవునన్నాను. చాలాసేపు నవ్వారు. తర్వాత రిజిస్టర్ తీసి పని బాగుందని రాసి సంతకం పెట్టారు. ఉన్నాను. ఉద్యోగం ఉంది.

ప్రహ్లాద్ గారు ఈ రోజు 'చూస్తం' అనలేదు. "పైలంగ పోయిరా" అన్నారు.

అమ్మా, ఇది నీకు. నాకు కోపం లేదు. సైకిల్ నెత్తి ఎక్కడుందో వెతికిన మనిషి మీద ఎవరికి కోపం వస్తుంది? కానీ ఒకటి అడుగుతాను. నేను బస్సు తప్పిన ప్రతిసారీ అన్న రాసిన ఉత్తరాల్లో నువ్వు మౌనంగా ఉన్నావు. ప్రార్థనకి పోవడం మానుకున్నావు. నాకు జ్వరం వస్తే వీధి వీధంతా చెప్పే మనిషివి. ఆ నూనె మీద ఏమని ప్రార్థన చేశావమ్మా?

భాగ్య


దబీర్‌పుర
జనవరి 20

బిడ్డ భాగ్యమ్మకు అమ్మ కళావతి దీవించి రాయునది,

నేను కలం పట్టక చాన ఏండ్లయింది. నీ అన్నతోని రాయిస్తె వాని మాటలు గలుపుతడు. అందుకే నేనే రాస్తున్న. తప్పులుంటె సదురుకో.

ఈ ఉత్తరం నీ సంచిల రాదు. నీ అన్న జేబుల వస్తది. టపాల సీసాలు పంపొద్దంట గద. లీవు పెట్టి సైకిల్ సూస్తనని బయలెల్లిండు. సైకిల్ కోసమే పోతున్ననని పది మాట్ల చెప్పిండు. నువ్వు గూడ గట్లనే నమ్మినట్టు ఉండు.

నువ్వు అడిగినవు. నీకు అబద్ధం చెప్ప. ఆ దినం అయ్యగారి ముంగట సీసా పెట్టి అందరు కండ్లు మూసుకున్నరు. అందరు నీ క్షేమం కోసం ప్రార్థన చేసినరు. నేను చెయ్యలె. దేవా, ఆ పని నా బిడ్డకు కుదరనియ్యకు, దాన్ని జల్ది నా ఇంటికి తోలుకరా, అని అడిగిన. గా నూనెనే సైకిల్ నరాల నిండ పోసిన. సగం సీసా నీకిచ్చిన.

నువ్వు బస్సు తప్పినవని మొదటి ఉత్తరం వచ్చిన నాడు నాకు సంతోషం కావాలె గద. కాలె. భయమైంది. రెండోపారి భయమైంది. మెమో అని, మంచుల నూకుకుంట పోయి రాయి మీద కూసోని ఏడ్చినవని నీ అన్న సదివితె నా పానం పోయింది. నా బిడ్డను ఏడిపియ్యమని నేనే పోయి అడిగిన గద అనుకున్న. ఇంక ఏ మొహం పెట్టుకోని ప్రార్థనకు పోవాలె? ఎవరో పిల్ల నీకు ఎదురు ఉరికొచ్చిందని రాసినవు. గది నాకు దినాం యాదికొస్తుండె. నువ్వు ఇంటికొస్తె నేను ఉరికొస్త. కాని గా పిల్లకు కాయితం ఎవరు తీస్కపోతరు?

నూనె తలకు రాసుకున్నవంట. రాసుకో. నుదుటికి కాకున్న తలకన్న ఒంటబట్టింది.

పోయిన శుక్రవారం మల్ల పోయిన. నీ అన్న మిషను ఆయిల్ తెచ్చిండు, నీళ్ళ లెక్క పల్చగుంటది, చలికి గడ్డకట్టదని చెప్పిండు. అదే సీసా అయ్యగారి ముంగట పెట్టిన. ఆయన మూత తీసి వాసన సూసి నా దిక్కు సూసిండు. ప్రార్థన చెయ్యుమన్న, చేసిండు. మునుపడిగింది వాపస్ తీసుకో దేవా అని ముందు అడిగిన. ఎనుక ఇంకోటి అడిగిన.

సీసా నీ అన్న ఇస్తడు. రెండు సుక్కలే అంట, నిండేదాంక కాదు. తలకు రాయకు.

ఇంకోటి ఏం అడిగిననో నన్ను అడగకు. పొద్దుగాల ఎక్కుడు కాడ గేర్ మార్చు. నీకే ఎరుకైతది.

అమ్మ